దొరికిన చోటే దాని ఊరి పేరు

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను. కొన్ని వందల ఏళ్ళ నాటి రాగి నాణేన్ని చింతపండూ ఉప్పూ వేసి తోమి, దాని మీది రాతను చెరిపేసినవాణ్ణి నేనే. ఈ వ్యాసం ఎవరికో నీతులు చెప్పడానికి కాదు. నేను చేసిన పని మీరు చేయకుండా ఉండటానికి.

2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడిన సంగతి రాజంపేటలో చదువుకునే మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మా జేజి ఊరు ఆ ఏటి ఒడ్డునే. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మా వాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. గొడ్లు పోయినాయి, గింజలు పోయినాయి, పట్టాదారు పాసుపుస్తకాలు పోయినాయి. నీళ్ళు తీసినాక ఇంట్లో మోకాటి లోతు ఒండ్రు, ఇసుక. వారం రోజులు పారలతో ఎత్తిపోస్తా ఉంటే, దేవుని గూడు ఉండే గోడ కింద జేజి ఇత్తడి డబ్బీ తగిలింది. మూత బిగిసిపోయింది. సుత్తితో కొట్టి తెరిస్తే లోపల నానిన పసుపుకొమ్ములు, కుంకుమ ముద్ద, మూడు రాగి బిళ్ళలు.

"దేవుడికి బురద పట్టింది నాయనా. చింతపండేసి తోమి తీసకరా" అంది జేజి.

తోమినాను. భక్తిగానే తోమినాను. పచ్చగా, నల్లగా ఉండే బిళ్ళ పది నిమిషాల్లో కొత్త చెంబులాగా ఎర్రగా మెరిసింది. జేజి కళ్ళకద్దుకుంది. ఇంట్లో అన్నీ పోయిన రోజుల్లో అదొక్కటే మెరిసే వస్తువు. ఆ మెరుపు చూసి నేను కూడా సంతోషపడినాను.

తర్వాత రెండేళ్ళకు ఇంజనీరింగ్‌లో చేరినాక, ఫోన్‌లో పాత ఫోటోలు తిప్పుతుంటే ఆనాటి ఫోటో ఒకటి కనపడింది. నష్టపరిహారం జాబితా కోసం మా అక్క సామాన్లన్నీ నేల మీద పరిచి తీసింది. మూలన డబ్బీ, పక్కన తోమకముందు బిళ్ళ. జూమ్ చేస్తే మూడు వరసల్లో ఏవో అక్షరాలు ఉన్నట్టు తెలుస్తోంది. చదవడానికి మాత్రం రాదు. పోయి డబ్బీలో బిళ్ళ చూస్తే ఆ వైపు ఇప్పుడు దాదాపు నున్నగా ఉంది. వందల ఏళ్ళు మట్టిలో ఉండగా రాగి మీద ఒక పొర కడుతుంది. సన్నని గీతలు ఎక్కువగా మిగిలేది ఆ పొరలోనే. చింతపండు పులుపు ముందు తినేది ఆ పొరనే. ఏడో తరగతిలో చదివిన కెమిస్ట్రీయే. అప్పుడు గుర్తు రాలేదు.

రెండో వైపు బొమ్మ మాత్రం కొంచెం మిగిలింది. మోకాలి మీద కూర్చుని, చేతులు జోడించి, ముక్కు కొంకిగా ఉన్న మనిషి ఆకారం. గరుత్మంతుడు. విజయనగరం కాలపు రాగి నాణేల మీద ఈ గరుడుడు కనిపిస్తాడు. కృష్ణదేవరాయల రాగి నాణేల్లో ఈ రకం పేరుపడింది. వెనకవైపు మూడు వరసల్లో నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని ఉంటుంది. మరి మా జేజి బిళ్ళ ఆయనదేనా? ఇంకో రాయలదా? చెప్పలేను. చెప్పగలిగిన అక్షరాలను నేనే తోమేసినాను.

ఆ బాధతోనే నాణేల గురించి చదవడం మొదలుపెట్టినాను. చదువుతూ పోతే నేను తేలింది హంపీలో కాదు, టర్కీలో!

క్రీస్తుశకం మొదటి మూడు శతాబ్దాల్లో రోమన్ సామ్రాజ్యపు తూర్పు భాగంలో, అంటే ఇప్పటి టర్కీ, గ్రీసు, సిరియా, సైప్రస్ వైపు, వందల ఊళ్ళు తమ సొంత కంచు నాణేలు వేసుకునేవి. బంగారం, వెండి దాదాపుగా చక్రవర్తి చేతిలోనే ఉండేవి. చిల్లర మాత్రం ఊరి చేతిలో ఉండేది. ఎక్కువ నాణేల మీద ముందువైపు చక్రవర్తి తల. వెనకవైపు ఊరి ఇష్టం. ఆ ఇష్టం చాలాసార్లు ఊరి దేవుడే, లేదా ఊరి దేవతే.

ఎఫెసు నగరం తన అర్తెమిస్ దేవిని వేసుకుంది. సైప్రస్‌లోని పాఫు గుడిలో దేవతకు మనిషి రూపం లేదు. కోసుగా ఉండే ఒక రాయి, అంతే. పాఫు గుడి నాణేల మీద అచ్చంగా ఆ రాయినే, గుడి మధ్యలో నిలబెట్టి వేశారు. మన ఊరి బయట వేపచెట్టు కింద పసుపు పూసిన గంగమ్మ రాయి చూసినవాళ్ళకు ఆ నాణెం చూస్తే ఏమీ వింతగా ఉండదు. గ్రీసులో ఏలిస్ అనే ఊరు హేడ్రియన్ చక్రవర్తి కాలంలో ఒలింపియాలోని జ్యూస్ విగ్రహం బొమ్మతో నాణేలు వేసింది. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన ఆ విగ్రహం ఎప్పుడో నాశనమైంది. అది ఎలా కూర్చుని ఉండేదో ఊహించడానికి ఇవాళ పండితులు వెతికే ముఖ్యమైన ఆధారాల్లో ఆ చిన్న నాణేలున్నాయి.

నాకు అన్నిటికంటే మనసుకు పట్టింది అపమేయ అనే ఊరి కథ. ఆ ఊరికి 'కిబోటోస్' అని ఇంకో పేరుండేది. గ్రీకులో ఆ మాటకు పెట్టె అని అర్థం. బైబిల్లో నోవహు ఓడకు కూడా గ్రీకులో అదే మాట. ఆ పేరు పట్టుకుని మూడో శతాబ్దంలో ఆ ఊరు నోవహు నాణెం వేసింది. నీళ్ళ మీద ఒక పెట్టె, అందులో నోవహు, ఆయన భార్య, పైన పక్షులు. పెట్టె మీద నోవహు పేరు కూడా గ్రీకులో ఉంది. ఊరి పేరుకు సరిపోయే కథ అని దాన్ని సొంతం చేసుకున్నారు. వరదలో తేలిన పెట్టె బొమ్మను స్క్రీన్ మీద చూస్తూ నేను మా జేజి డబ్బీని తలుచుకోకుండా ఉండలేకపోయినాను.

ఇదంతా భక్తేనా అంటే కాదు. గొప్పలు చెప్పుకోవడం కూడా. చక్రవర్తికి గుడి కట్టే గౌరవం తమకు ఎన్నిసార్లు దక్కిందో నాణెం మీద లెక్క వేసుకునేవాళ్ళు. ఎఫెసు, స్ముర్న, పెర్గము నగరాలు ఈ విషయంలో పోట్లాడుకునేవి. గంగమ్మ జాతరకు ఎవరి చాందినీ బండి ఎత్తుగా ఉంది అని మన పల్లెలు పోటీ పడవా? అదే తంతు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాణేల మీద బొమ్మ చుట్టూ ఊరివాళ్ళ పేరు గ్రీకు అక్షరాల్లో ఉంటుంది. 'ఎఫెసు వాళ్ళది', 'పెర్గే వాళ్ళది' అనే అర్థంలో. అందుకే ఆ నాణెం లండన్‌లో దొరికినా, చెత్తకుప్పలో దొరికినా అది ఏ ఊరి దేవతో చెప్పొచ్చు. ఆ ఒక్క మాట మూలంగానే ఇవాళ వాటిని ఊరి ప్రకారం విడదీసి, సంపుటాల కొద్దీ పట్టికలు వేయగలుగుతున్నారు.

మన నాణేల మీద ఎవరున్నారో చూద్దాం. దేవుళ్ళకు మన దగ్గర కొదవ లేదు. విజయనగరం మొదటి రాజుల నాణేల మీద హనుమంతుడు, గరుడుడు. రెండో హరిహరరాయల మీద ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు. అచ్యుతరాయల మీద గండభేరుండం. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుని విగ్రహం హంపీకి తీసుకుపోయి 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. ఆయన బంగారు వరహా మీద కూర్చున్న బాలకృష్ణుణ్ణి చూసిన పండితులు ఆ రెండింటినీ కలిపి చెబుతారు. 1565 యుద్ధం తర్వాత రాజ్యం తగ్గి, రాజధాని పెనుగొండకూ చంద్రగిరికీ జరిగింది. ఆ కాలపు రెండో వెంకటపతిరాయల వరహా మీద తిరుమల వెంకటేశ్వరుడు నిలబడి ఉంటాడు. వెనక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని ఉంటుంది.

దేవుడి బొమ్మ ఉంటే నాణెం వేసిన రాజు ఆ దేవుడి భక్తుడే అనుకుంటాం. అట్లయితే హైదరలీ సంగతేంది? 1763లో బెదనూరు గెలిచినాక అక్కడి పాత పద్ధతిలోనే శివపార్వతుల బొమ్మతో వరహాలు వేయించాడు. వెనకవైపు మాత్రం తన పేరులోని మొదటి పర్షియన్ అక్షరం. 1770ల చివర్లో మన కడప, సిద్ధవటం గెలిచింది కూడా ఆ హైదరలీయే. అంతకు చాలా ముందే, 12వ శతాబ్దం చివర్లో మహమ్మద్ ఘోరీ పేరు నాగరిలో రాసి, లక్ష్మీదేవి బొమ్మతో బంగారు నాణేలు వేశారు. ఇక మద్రాసు కంపెనీ వాళ్ళు స్వామి, ఇద్దరు అమ్మవార్లు ఉండే 'మూడు స్వాముల' వరహాలు వేశారు. 1808 నుంచి వేసిన వెండి అర వరహాల మీద ఒకవైపు గోపురం, ఇంకోవైపు విష్ణువు, విలువ తమిళంలోనూ తెలుగులోనూ! వాళ్ళందరికీ భక్తి పుట్టిందా? లేదు. సంతలో అమ్మే మనిషికి, కొనే మనిషికి అలవాటైన ముఖం అది. ఆ ముఖం ఉంటే నాణెం చేయి మారుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఈ రోజు మన బజారులో క్యూఆర్ కోడ్ స్టాండు పక్కనే వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకునే అంగడాయన కూడా దాదాపు అదే పని చేస్తున్నాడు.

బొమ్మ అవసరం లేకుండా చేసిన దారి కూడా ఒకటుంది. అది మన ఇంజనీర్ల దారి. 1803, 1808 తేదీలతో మద్రాసు కోసం కంపెనీ రాగి నాణేలు బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, ఆవిరి యంత్రాల మీద తయారై ఓడల్లో వచ్చాయి. వాటి మీద దేవుడు లేడు. కంపెనీ చిహ్నం, పర్షియన్ రాత. అన్నీ ఒకటే గుండ్రం, ఒకటే మందం. నా ఉద్దేశంలో ఆ కొలత సమానంగా ఉండటమే అక్కడ దేవుడి పని చేసింది.

మాట వచ్చింది కాబట్టి చెప్తాను. తెలుగువాడు సంపదను పిలిచే మాటలు చూడండి. డబ్బు, దుడ్డు, కాసు. డబ్బు, దుడ్డు అనేవి రాగి చిల్లర నాణేల పేర్లే. "దుడ్లు ఉండాయా?" అని మనం రోజూ అడిగే మాటలో రాగి ఉంది. వరహా మనకు కథల్లో మిగిలింది, దుడ్డు నోట్లో మిగిలింది. ఎందుకంటే మన పూర్వీకుల్లో ఎక్కువమంది చేతికి వచ్చింది దుడ్డే. గుడి హుండీలో పడింది, సంతలో ఉప్పుకు పోయింది, కూలికి వచ్చింది అదే. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. మన ముత్తాతల ముత్తాతలకు శాసనం లేదు. వాళ్ళ చేయి తగిలి మనదాకా వచ్చిన కాగితం ఏదన్నా ఉంటే అది ఆ రాగి బిళ్ళే.

కానీ ఆ కాగితం మీద ఊరి పేరు లేదు. ఇదే మన చిక్కు.

ఒక ఉదాహరణ చెప్తాను. 1565 తర్వాత పాలించిన తిరుమలరాయల బంగారు నాణెం మీద రాముడు, సీత, పక్కన లక్ష్మణుడు ఉంటారు. హనుమంతుడు లేడు. ఆ ఫోటో చూడగానే నా గుండె ఝల్లుమంది. మన ఒంటిమిట్టలో కూడా ఒకే రాతిలో ముగ్గురే కదా, గర్భగుడిలో హనుమంతుడు లేడు కదా! వెంటనే వాట్సాప్ స్టేటస్ పెట్టేయాలనిపించింది. 'మన ఒంటిమిట్ట రాముడు విజయనగర నాణెం మీద!' అని. లైకులు కూడా బాగా వచ్చేవి. కానీ ఆ నాణెం మీద ఒంటిమిట్ట పేరు లేదు. పోలిక ఉంది, ఆధారం లేదు. పోలికను ఆధారం అని చెప్తే అది అబద్ధమే, ఎంత భక్తితో చెప్పినా.

మరి మన నాణేనికి ఊరి పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకే ఒక్క చోటు నుంచి. అది దొరికిన చోటు. ఏ చేలో, ఎంత లోతులో, ఏ కుండలో, పక్కన ఏముండగా దొరికింది అనేదే దాని ఊరి పేరు. ఆ మాట నోట్లో ఉన్నంతవరకే ఉంటుంది. చెప్పగలిగే మనిషి పోతే, నాణెం చేతిలో ఉన్నా దాని ఊరు పోయినట్టే.

దీనికి మన పక్క జిల్లాలోనే రుజువు ఉంది. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు చేను దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంత నిండా రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనాల ముఖాలున్నవి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలామటుకు కరిగిపోయాయి. ముప్పై పైచిలుకు మాత్రం నవాబు కుటుంబం చేతికి చిక్కి మిగిలాయి. కొన్ని టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టు ఉన్నాయని, కొన్నిటికి నగలాగా వేసుకోవడానికి చిల్లులు పొడిచారని, అంతకుముందు మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే ఏమయ్యేది? మిగిలిన ముప్పై నాణేలు ముప్పై రోమన్ నాణేలే అయ్యుండేవి. ఎవరి పెట్టెలోనో మెరుస్తూ ఉండేవి. నెల్లూరు, చేను, గుడి, ముంత అన్న నాలుగు మాటలు తోడయ్యాయి కాబట్టే అవి మన చరిత్ర అయ్యాయి. బంగారం చాలావరకు కరిగింది. మాట మిగిలింది. రెండు వందల ఏళ్ళు దాటినా పండితులు ఆ మాటనే పట్టుకుని రాస్తున్నారు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు దొరికాయని ఈ రోజు లెక్కతో సహా చెప్పుకోగలుగుతున్నాం అంటే, అక్కడా ఎవరో ఒకరు లెక్కపెట్టి, ఊరి పేరు రాసి పెట్టినందుకే.

మరి మా ఇంట్లో ఏం జరిగింది? జేజిని కూర్చోబెట్టి మొదటిసారి అడిగినాను, "ఇవి యాడివి జేజీ?" అని.

"మీ జేజినాయన రాళ్ళచేలో బాయి తవ్విచ్చేటప్పుడు దొరికినాయి. రెండు మట్ల లోతులో. ఏడు బిళ్ళలు."

"ఏడా? ఉండేవి మూడే కదా!"

"రెండు కంచరాయనకు పాత రాగితో పాటు ఏసినాం, చెంబుకు తక్కువైతేనూ. రెండు మీ చిన్నాయన తీసకపోయినాడు."

ఆ చెంబు వరద దాకా మా ఇంట్లోనే ఉండేది. అందులో రెండు దేవుళ్ళు కరిగి ఉన్నారని తెలియకుండానే నేను నీళ్ళు తాగి పెరిగినాను.

చిన్నాయన కథ ఈ కాలపుది. ఫోన్‌లో ఎవరో 'పాత నాణేలకు లక్షలు' అన్నారు. ఫోటో పంపితే ఒక్కోటి నాలుగు లక్షలు అన్నారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు 1,850 కట్టమన్నారు, కట్టినాడు. తర్వాత పన్ను అన్నారు. బిళ్ళలు చూడాలి, కొరియర్ చేయమన్నారు, చేసినాడు. ఆ నంబరు ఇప్పుడు పనిచేయదు. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరిక ఇచ్చింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్ళతో తమకు సంబంధం లేదని, తమ పేరుతో ఫీజులు అడిగితే నమ్మొద్దని. ఇంకో రెండు సంగతులు కూడా మన గ్రూపుల్లో తిరుగుతుంటాయి. 1818లో ఈస్టిండియా కంపెనీ రాముడి పట్టాభిషేకం బొమ్మతో అణా బిళ్ళ వేసిందని. వేయలేదు. అవి తర్వాత ఎవరో అమ్మకానికి చేసిన బొమ్మ బిళ్ళలు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలు ఇస్తారని. అది 2012లో మామూలుగా చలామణిలోకి వచ్చిన నాణెం. దాని విలువ ఐదు రూపాయలు. దేవుడి బొమ్మ ఉంటే నమ్ముతాం అన్నది వెంకటపతిరాయల కాలం నుంచీ నిజమే. అప్పుడు దాన్ని నాణెం చెల్లడానికి వాడుకున్నారు, ఇప్పుడు మనల్ని మోసం చేయడానికి వాడుకుంటున్నారు.

మా స్నేహితులతో ఈ విషయం మాట్లాడితే రెండు అభ్యంతరాలు వచ్చాయి. రెండూ తీసేయదగ్గవి కావు.

మొదటిది: "బయటకు చెప్తే గవర్నమెంటోళ్ళు ఎత్తుకపోతారు." ఈ భయం వల్లే సగం నాణేలు కంచరి కొలిమికి పోతున్నాయి. చట్టం ఏమందో చూడండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దాచితే శిక్ష ఉంది. కానీ హక్కుదారులు ఎవరూ రాకపోతే అది దొరికినవాళ్ళదే. నేల ఇంకొకరిదై, వాళ్ళు అడిగితే, వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు దొరికినవాళ్ళకు, ఒక వంతు నేల యజమానికి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. నాకు ఈ లెక్క న్యాయంగా అనిపించదు. రాగి బిళ్ళకు లోహం విలువ ఏముంటుంది? పదో పరకో. దాని అసలు విలువ అది చెప్పే సంగతిలో ఉంది, తూకంలో లేదు. 1878 నాటి లెక్క మారాలి, చెప్పినవాళ్ళకు గౌరవం దక్కాలి అనేదే నా అభిప్రాయం. కానీ చట్టం బాగాలేదని నోరు మూసుకుంటే నష్టపోయేది కలెక్టరు కాదు, మన ఊరే.

రెండోది జేజి మాట: "దేవుడు గూట్లో ఉండాల గానీ అద్దాల పెట్టెలో ఎందుకురా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. గూట్లో పూజలందుకునే గరుడుడు మ్యూజియం గరుడుడి కంటే ఎక్కువ బతికున్నాడు అంటే ఒప్పుకుంటాను. అందుకే నేను అడిగేది చాలా చిన్నది. నాణెం ఎక్కడ ఉండాలన్నది ఇంటి పెద్దలూ చట్టమూ తేల్చనీ. దాని ఊరి పేరు మాత్రం పోనివ్వొద్దు.

మన పక్కనే తాళ్ళపాక ఉంది. అన్నమయ్య పాటలు మనకు దక్కింది తిరుమల గుడి అరలో రాగి రేకులు మిగిలినందుకే. ఆ రేకుల్ని ఎవరైనా పాత రాగి ధరకు తూకం వేసుంటే? ఈ ప్రశ్న రాజంపేట వాళ్ళకు ఇంకెవరికన్నా బాగా అర్థం కావాలి.

అందుకని మన సాహితీ క్లబ్‌కు ఒక ప్రతిపాదన. మొదటి సంవత్సరంలో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకుని, రీడింగులు పక్కవాడి రికార్డులోంచి కాపీ కొట్టినవాళ్ళమే మనమంతా. ఒక్కసారి దాన్ని నిజంగా వాడదాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను అడుగుదాం. పాత బిళ్ళ ఉంటే తోమొద్దు, రుద్దొద్దు, నూనె పూయొద్దు. వ్యాసం కొలుద్దాం, నగల తక్కెడ మీద బరువు చూద్దాం. రెండు వైపులా ఫోటో తీద్దాం, దీపం పక్కనుంచి పెట్టి. ఏటవాలు వెలుగులో అరిగిన గీతలు కూడా నీడ వేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో, ఎంత లోతో అవ్వాతాతల మాటల్లోనే రాసుకుందాం. ఆ పట్టికను వాట్సాప్‌లో తిప్పొద్దు, దొంగలకు దారి చూపినట్టవుతుంది. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం వాళ్ళకు చూపిద్దాం. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరమని కూడా ఇంట్లో చెబుదాం.

మొన్న దసరా సెలవుల్లో మా మూడు బిళ్ళలూ కొలిచినాను. నేను తోమింది మూడు గ్రాముల పైచిలుకు ఉంది. మిగతా రెండింటికీ, పుణ్యాన, చింతపండు తగల్లేదు. ఒకదాని మీద నాగరి అక్షరాలు ఏటవాలు వెలుగులో కొంచెం లేస్తున్నాయి. ఇంకా చదవలేదు. తొందరపడి చదివేశానని చెప్పను.

ఒక చిన్న కాగితం మీద ఊరి పేరు, రాళ్ళచేను, బాయి, రెండు మట్ల లోతు, ఏడింటిలో మూడు, చెప్పింది జేజి అని రాసి డబ్బీలో పెడుతుంటే, చదివి వినిపించమంది. వినిపించినాను.

"మీ జేజినాయన పేరు రాయలేదేందిరా? తవ్విచ్చింది ఆయనే కదా" అంది.

నిజమే. కాగితం తీసి ఆ పేరు కూడా రాసినాను.